గుండె, ఊపిరితిత్తులు: జబ్బుల వేళ్లు నిత్యజీవితంలోనే

ముక్కులోంచి లోపలికి వెళ్లిన గాలి శ్వాసనాళం గుండా దిగి, చీలుతూ చీలుతూ సన్నబడే గొట్టాల్లో సాగి, చివరికి వాయుకోశాలనే అతి చిన్న బుడగల్లోకి చేరుతుంది. రెండు ఊపిరితిత్తుల్లోనూ కలిపి ఇవి 30 కోట్లకు పైగా ఉంటాయి. వాటి గోడలన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల మేర వస్తాయి. ఒక్కో వాయుకోశం చుట్టూ వెంట్రుక కంటే ఎంతో సన్నని రక్తనాళాలు అల్లుకొని ఉంటాయి. వీటినే కేశనాళికలంటారు. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ప్రాణవాయువు ఈ పొర దాటి రక్తంలో చేరేదీ, బొగ్గుపులుసు వాయువు రక్తాన్ని వదిలి బయటికి వచ్చేదీ ఇక్కడే.

ఈ రక్తాన్ని కదిలించే పని గుండెది. ఒంట్లోంచి తిరిగి వచ్చిన రక్తాన్ని గుండె కుడిభాగం ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ శుభ్రపడి వచ్చిన రక్తాన్ని ఎడమభాగం ఒళ్లంతా తిప్పుతుంది. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తూ, రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. రక్తం ఇలా చక్రంలా తిరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో నిరూపించాడు. ధమనుల్లోంచి సిరల్లోకి అది ఏ దారిన పోతుందో మాత్రం ఆయనకు కనిపించలేదు. 1661లో ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి కేశనాళికలను చూడటంతో ఆ లోటు తీరింది. రక్తప్రసరణ చిక్కుముడి ఊపిరితిత్తిలోనే విడిపోవడం కాకతాళీయమే అయినా, ఈ రెండు అవయవాలూ ఎంత దగ్గరివో అందులో తెలుస్తుంది. ఒకదానికి చేటు చేసే అలవాటు రెండోదాన్ని విడిచిపెట్టదు.

పల్లెలకూ చేరిన జబ్బులు

గుండెజబ్బు పట్నవాసుల జబ్బని, కలిగినవాళ్ల జబ్బని చాలాకాలం అనుకున్నారు. ఆ అభిప్రాయం తప్పని తేల్చిన అధ్యయనాల్లో ఒకటి గోదావరి జిల్లాల్లోనే జరిగింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాలను, సుమారు 1,80,000 మంది జనాభాను ఎంచుకొని, 2003-04లో ఏడాది పాటు అక్కడ ఎవరెవరు ఏ కారణంతో చనిపోయారో పరిశోధకులు నమోదు చేయించారు. పల్లెల్లో చాలా మరణాలు ఇంట్లోనే జరుగుతాయి, డాక్టరు రాసిచ్చిన కాగితం ఉండదు. అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, ఆఖరి రోజుల్లో నొప్పి ఎక్కడ వచ్చింది, ఆయాసం ఉండేదా, కాలూ చెయ్యీ పడిపోయాయా అని ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను బట్టి డాక్టర్లు కారణం నిర్ణయించారు. మొత్తం మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే సంభవించాయని తేలింది. అంటువ్యాధులు చాలా వెనక ఉన్నాయి.

దేశం మొత్తం మీద కూడా దారి అదే. భారతదేశంలో 1990లో జరిగిన మరణాల్లో 15.2 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులు కారణం కాగా, 2016 నాటికి ఆ వాటా 28.1 శాతానికి చేరింది. అదే కాలంలో దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి, అంటే డాక్టర్లు సీఓపీడీ అనే జబ్బు ఉన్నవారి సంఖ్య 2.8 కోట్ల నుంచి 5.5 కోట్లకు పెరిగింది. జనాభా పెరగడం, ఆయుర్దాయం పెరగడం ఇందుకు కొంత కారణం. తక్కినది తిండిలో, పనిలో, పీల్చే గాలిలో వచ్చిన మార్పుల ఫలితం.

భారతీయులకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని పరిశీలించింది. తక్కిన దేశాల్లో మొదటి గుండెపోటు సగటున 59 ఏళ్ల దగ్గర వస్తుంటే, దక్షిణాసియా వారికి 53 ఏళ్లకే వస్తోందని అందులో బయటపడింది. పొగాకు, అధిక రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ తేడాలు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పళ్లూ కూరగాయలూ తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అనే తొమ్మిది అంశాలే గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి కారణమని కూడా ఆ అధ్యయనం తేల్చింది. వీటిలో చాలావాటిని మార్చుకునే వీలుంది.

ఊపిరితిత్తుల్లో జరిగేది

శ్వాసకోశ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేవి ఉబ్బసం, సీఓపీడీ. పైకి రెండింటిలోనూ ఆయాసమే ఉన్నా లోపల జరిగేది వేరు.

ఉబ్బసంలో శ్వాసనాళాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, పుప్పొడి, చల్లగాలి, అగరొత్తుల పొగ, జలుబు లాంటిది ఏది తగిలినా నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి. దారి ఇరుకై పిల్లికూతలు వినిపిస్తాయి. తెల్లవారుజామున దగ్గు, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం మామూలు లక్షణాలు. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి చాలామందికి పడదు. ఉబ్బసం చిన్నతనంలోనే మొదలుకావచ్చు, వంశంలోనూ ఉండవచ్చు. మందులు సక్రమంగా వాడితే వాపు తగ్గి నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి.

సీఓపీడీ అలా కాదు. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము పీల్చడం వల్ల శ్వాసనాళాలు మందమై, కళ్లె పేరుకొని, వాయుకోశాల గోడలు చిరిగిపోతాయి. చిరిగిన వాయుకోశం మళ్లీ రాదు. మనిషికి ఊపిరితిత్తుల శక్తి 20-25 ఏళ్ల వయసులో గరిష్ఠంగా ఉండి, ఆ తర్వాత ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. పొగ పీల్చేవారిలో ఈ తరుగుదల వేగం పెరుగుతుంది. ఊపిరితిత్తులకు మిగులు శక్తి ఎక్కువ కాబట్టి చాలా భాగం పాడయ్యేదాకా బాధ తెలియదు. మెట్లెక్కినప్పుడు రొప్పు వస్తే వయసు మీద పడిందనుకుంటారు. పొద్దున్నే వచ్చే దగ్గునూ కళ్లెనూ సిగరెట్ దగ్గని సరిపెట్టుకుంటారు. స్నానం చేయడానికీ బట్టలు కట్టుకోవడానికీ ఆయాసపడేసరికి జబ్బు ముదిరి ఉంటుంది.

దీన్ని ముందుగా పసిగట్టే పరీక్ష స్పైరోమెట్రీ. గుండెల నిండా గాలి పీల్చి, ఒక గొట్టంలోకి బలంగా, పూర్తిగా ఊదాలి. ఊదిన మొత్తం గాలిలో కనీసం 70 శాతం మొదటి సెకనులోనే బయటికి రావాలి. నాళాలను తెరిచే మందు పీల్చాక కూడా అంతకంటే తక్కువే వస్తే దారిలో అడ్డంకి స్థిరపడిందని అర్థం. సూది గుచ్చే పని లేని ఈ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. అయినా బీపీ చూపించుకున్నంత మామూలుగా దీన్ని చేయించుకునేవాళ్లు తక్కువ.

వృత్తి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు వేరే ఉన్నాయి. క్వారీల్లో, రాయి కొట్టే చోట్ల లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టి సిలికోసిస్‌కు దారితీస్తుంది. దీన్ని నయం చేసే మందు లేదు, పైగా ఇది ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. పత్తి జిన్నింగ్, నూలు మిల్లుల్లో పనిచేసేవారికి వచ్చే బిసినోసిస్‌లో ఒక విచిత్రమైన గుర్తు ఉంది. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుతు ఎక్కువగా ఉండి, తర్వాతి రోజుల్లో కొంత సర్దుకుంటుంది. తెలంగాణలో బీడీలు చుట్టే మహిళలు పొగ తాగకపోయినా పొద్దస్తమానం పొగాకు నలుసుల మధ్యే కూర్చుంటారు. దుమ్మును నీళ్లతో అణచడం, గాలి బయటికి లాగే ఫ్యాన్లు, సరైన మాస్కులు యజమాని ఏర్పాటు చేయాల్సినవి. కార్మికుడి జాగ్రత్త ఒక్కటే ఇక్కడ చాలదు.

రక్తనాళాల్లో జరిగేది

ఆరోగ్యకరమైన ధమని లోపలి పొర నున్నగా ఉంటుంది. అధిక రక్తపోటు, పొగలోని రసాయనాలు, రక్తంలో ఎక్కువైన చక్కెర ఆ పొరను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న చోట కొలెస్ట్రాల్ చొరబడి, దాన్ని తొలగించడానికి వచ్చిన తెల్లకణాలు అక్కడే చిక్కుకొని, క్రమంగా కొవ్వు గడ్డలా పూడిక ఏర్పడుతుంది. ఇది యవ్వనంలోనే మొదలై దశాబ్దాల పాటు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. ఏదో ఒక రోజు ఆ పూడిక మీది పొర చిట్లుతుంది. ఒంటికి గాయమైనట్టే అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అది గుండె కండరానికి రక్తం అందించే ధమనిలో జరిగితే గుండెపోటు, మెదడుకు వెళ్లే ధమనిలో జరిగితే పక్షవాతం. కాళ్లలో దారి ఇరుకైతే నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతాయి.

వీటన్నిటి వెనుకా ఎక్కువగా కనిపించేది అధిక రక్తపోటు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 120/80 దరిదాపుల్లో ఉండాల్సిన బీపీ, వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అధిక రక్తపోటు అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో పదిమందిలో దాదాపు ముగ్గురికి, స్త్రీలలో నలుగురిలో ఒకరికి అధిక రక్తపోటు ఉంది. తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటేనే బీపీ ఉన్నట్టని నమ్మడం ప్రమాదం. చాలామందిలో అది ఏ బాధా పెట్టదు. బాధ లేకుండానే గుండె గోడను మందంగా మార్చి, మూత్రపిండాలను, కంటి నరాలను, మెదడు రక్తనాళాలను పాడుచేస్తుంది.

ముప్పు అంశాలను ఇలా వరసగా గుర్తించే పద్ధతికి బాట వేసింది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణం. 1948లో అక్కడి 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకొని, రెండేళ్లకోసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తోందో, వాళ్లలో ముందునుంచీ ఏం తేడా ఉందో చూశారు. వయసుతో పాటు బీపీ పెరగడం సహజమే, దాన్ని తగ్గించనక్కర్లేదని డాక్టర్లే నమ్మిన రోజులవి. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెజబ్బుకు ముందే కనబడే హెచ్చరికలని ఆ పట్టణవాసుల వివరాలే రుజువు చేశాయి.

రెండింటికీ తగిలే దెబ్బ: పొగ

ఊపిరితిత్తులకూ గుండెకూ ఒకేసారి హాని చేసే అలవాట్లలో పొగాకుది మొదటి స్థానం. పొగ శ్వాసనాళాల్లోని సన్నని నూగును మొద్దుబారుస్తుంది. దుమ్మునూ కళ్లెనూ పైకి నెట్టే పని ఆగిపోతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా హిమోగ్లోబిన్‌ను పట్టుకొని, రక్తం మోయగలిగే ప్రాణవాయువును తగ్గిస్తుంది. నికోటిన్ గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. రక్తం త్వరగా గడ్డకట్టే గుణం వస్తుంది.

రోజుకు ఒకటో రెండో కాలిస్తే ఏమీ కాదన్న మాట గుండె విషయంలో చెల్లదు. రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చేవారికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో 40-50 శాతం దాకా రోజుకు ఒక్కటి కాల్చేవారికీ పెరుగుతుంది. బీడీ ఆకుతో చుట్టింది కాబట్టి మేలనుకోవడమూ పొరపాటే. తునికాకులోంచి గాలి చొరబడదు కనుక ఆరిపోకుండా ఎక్కువసార్లు దమ్ము లాగాలి. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో కొందరు స్త్రీలు చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతోందని వైద్యులు ఎన్నో ఏళ్ల కిందటే గుర్తించారు. గుట్కా, ఖైనీ నమిలినా నికోటిన్ రక్తంలోకే చేరుతుంది.

మానేస్తే ఎంత లాభమో లెక్కకట్టిన అధ్యయనం బ్రిటన్‌లో జరిగింది. రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో అక్కడి డాక్టర్లనే ఎంచుకొని వారి పొగతాగే అలవాట్లను రాసుకున్నారు. యాభై ఏళ్ల ఫలితాలు 2004లో వెలువడ్డాయి. పొగతాగేవారు తాగనివారి కంటే సగటున సుమారు 10 ఏళ్లు ముందే చనిపోయారు. 60 ఏళ్లకు మానినవారికి దాదాపు 3 ఏళ్లు, 50కి మానితే 6 ఏళ్లు, 40కి మానితే 9 ఏళ్లు, 30కే మానితే ఆ పదేళ్లూ తిరిగి దక్కాయి. మానిన ఏడాదికే గుండెజబ్బు అదనపు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. చిరిగిన వాయుకోశాలు తిరిగి రాకపోయినా, ఊపిరితిత్తుల తరుగుదల వేగం మందగిస్తుంది. ఒక్కసారికే మానగలిగేవారు తక్కువ. నికోటిన్ చూయింగ్ గమ్‌లు, పట్టీలు, మందులు, సలహాలు తోడైతే ఫలితం మెరుగ్గా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం నడిపే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

పొగ తాగని స్త్రీలకు సీఓపీడీ ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు వంటింట్లో ఉంది. కట్టెలు, పిడకలు, కంది కట్టె, పత్తి కట్టె మండించే పొయ్యి ముందు రోజూ గంటల తరబడి కూర్చునే ఇల్లాలు, పక్కనే ఆడుకునే పిల్లలు పీల్చే పొగలో సిగరెట్ పొగలోని చాలా విషాలు ఉంటాయి. పిల్లలకు న్యుమోనియా ముప్పు కూడా దీంతో పెరుగుతుంది. ఈ సంగతిని తొలినాళ్లలోనే పట్టించుకున్నవారిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌కు చెందిన ఎస్.పి. రాజు ఒకరు. పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ల గురించి 1953లో పుస్తకం వేశారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా ఉజ్వల పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. సిలిండర్ ధర భారమై టీకి, పాలకు గ్యాస్ వాడి, అన్నానికీ నీళ్లకూ కట్టెల పొయ్యే వెలిగించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పొయ్యి పూర్తిగా మారితేనే ఊపిరితిత్తులకు మేలు జరుగుతుంది.

వీధిలోని గాలి సంగతీ అంతే. వాహనాలు, పరిశ్రమలు, చెత్త, పంట మోళ్లు తగలబెట్టడం వల్ల వచ్చే 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మకణాలు వాయుకోశాల దాకా వెళతాయి. వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. అందుకే కాలుష్యం పెరిగిన రోజుల్లో ఆయాసంతో పాటు గుండెపోట్లు కూడా పెరుగుతాయి. ఏడాది సగటున ఈ కణాలు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. భారతదేశపు పరిమితి 40.

పళ్లెంలో ఏముంది

రోజుకు ఒక మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తెలుగువారి భోజనంలో ఈ కొలత ఎక్కడ దాటుతుందో చూడటం కష్టం కాదు. కూరలో, పప్పులో, చారులో ఉప్పు ఉంటుంది. మొదటి ముద్దలోకి ఆవకాయో గోంగూర పచ్చడో పడుతుంది. నంజుకోవడానికి అప్పడం, వడియం, ఊరమిరపకాయ ఉంటాయి. చివర మజ్జిగలో మళ్లీ చిటికెడు కలుపుకుంటారు. నిల్వ పచ్చడి పాడవకుండా ఉండేదే ఎక్కువ ఉప్పు వల్ల. ఉప్పులోని సోడియం ఒంట్లో నీటిని నిలిపి ఉంచడంతో రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. పచ్చడిని పూర్తిగా మానకపోయినా రోజువారీ ఆధరువు స్థానం నుంచి తప్పించి ఎప్పుడో ఒకసారి రుచికి పరిమితం చేస్తే, పెరుగులో, మజ్జిగలో ఉప్పు మానితే చాలా తేడా వస్తుంది. కొద్ది వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మందితో జరిపి 2021లో ప్రకటించిన అధ్యయనంలో, కొంత సోడియానికి బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇలాంటి ఉప్పు వాడకూడదు. పొటాషియం సహజంగా ఆకుకూరల్లో, అరటిపండులో, కొబ్బరినీళ్లలో, పప్పుల్లో దొరుకుతుంది.

కొవ్వుల్లో అన్నిటికంటే హానికరమైనవి ట్రాన్స్ ఫ్యాట్లు. ఇవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తాయి. నూనెలు, వనస్పతుల్లో ఇవి 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నిబంధన ఉంది. బజ్జీల బండి మీద రోజంతా మరిగిన నూనెను మరుసటి రోజూ వాడటం ఇంకో ప్రమాదం. మూడుపూటలా పాలిష్ పట్టిన తెల్లన్నం, దాని పక్కన కాస్తంత కూర అనే పద్ధతి తిరగబడి, అన్నం తగ్గి, పప్పు, కూర, ఆకుకూర పెరగాలి. జొన్న, రాగి, సజ్జ తెలుగు నేలకు కొత్తవి కావు. పళ్లూ కూరగాయలూ కలిపి రోజుకు 400 గ్రాములైనా తినాలన్నది అంతర్జాతీయ సూచన. మద్యం బీపీని పెంచుతుంది, గుండె లయను తప్పిస్తుంది, ఎక్కువ కాలం తాగితే గుండె కండరాన్నే బలహీనపరుస్తుంది.

కూర్చున్న ఒళ్లు, నడిచే ఒళ్లు

ఒకప్పుడు లండన్ రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునేవాడు, కండక్టరు టికెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. జీతమూ జీవితమూ ఇద్దరివీ దాదాపు ఒకటే. జెరీ మోరిస్ అనే వైద్యుడు ఈ రెండు వర్గాలను పోల్చి 1953లో ఫలితాలు ప్రకటించాడు. డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉంది, వచ్చినా అంత తీవ్రంగా లేదు. తర్వాత యూనిఫాంల కొలతలు తీయించి చూస్తే డ్రైవర్ల నడుము చుట్టుకొలత ముందునుంచే ఎక్కువని బయటపడింది. బరువు, కదలిక రెండూ చూడాలని దానితో అర్థమైంది. వ్యాయామం మీద తర్వాత జరిగిన పరిశోధనలకు ఇదే తొలి మెట్టు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం పెద్దవాళ్లకు అవసరం. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడిస్తే చాలు. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అడ్డుపడితే ప్రాణాపాయం. దూరపు విమాన, బస్సు ప్రయాణాల్లో మధ్యమధ్య లేచి నడవమనేది ఇందుకే.

భారతీయులకు బరువు మామూలుగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము చుట్టుకొలత హెచ్చరికగా తీసుకోవాలి. లావు పెరిగినవారిలో నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతూ ఉంటుంది. పెద్ద గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఉలిక్కిపడి లేవడం, పగలంతా కునుకుపాట్లు దీని గుర్తులు. రాత్రంతా ప్రాణవాయువు పడిపోతూ లేస్తూ ఉండటం వల్ల బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. గురకను గాఢనిద్ర అనుకోకుండా డాక్టరుకు చూపించాలి.

రెండు జబ్బులూ కలిసే చోటు

సీఓపీడీ ముదిరితే ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు కుంచించుకుపోయి, వాటిలోకి రక్తం తోయడానికి గుండె కుడిభాగం మరింత కష్టపడుతుంది. కొంతకాలానికి అది అలసిపోయి కాళ్లు వాస్తాయి. గుండె ఎడమభాగం నీరసిస్తే రక్తం వెనక్కి పోటెత్తి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడుకుంటే ఊపిరాడదు, రెండు మూడు దిండ్లు వేసుకోవాల్సి వస్తుంది. అందువల్ల ఆయాసం వచ్చిన ప్రతిసారీ కారణం ఊపిరితిత్తులా, గుండెనా అన్నది పరీక్షతోనే తేల్చాలి. రక్తహీనత కూడా ఆయాసం తెస్తుంది.

ఆపద గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఛాతీ మధ్య బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, వికారం గుండెపోటు లక్షణాలు. మన ఇళ్లలో ఇక్కడే విలువైన సమయం పోతుంది. గ్యాస్ నొప్పని సోడా తాగించి, వాము నమిలించి, తెల్లారాక చూద్దామంటారు. షుగర్ ఉన్నవారికీ స్త్రీలకూ నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. మూసుకున్న ధమనిని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంత మిగులుతుంది. పక్షవాతంలో మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం గుర్తులు. గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. రెండింటిలోనూ చేయాల్సిన మొదటి పని 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవకు ఫోన్ చేయడం.

మందుల మీద ఉన్న అపోహలు కూడా ప్రాణాల మీదికి తెస్తాయి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి మాత్రలే అడుగుతారు. నిజానికి ఇన్‌హేలర్ మందు నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది కాబట్టి మాత్రలో మిల్లీగ్రాముల్లో వేసే మందు ఇక్కడ మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. బాధ తగ్గగానే వాపు తగ్గించే ఇన్‌హేలర్‌ను సొంతంగా మానేయడం ఉబ్బసం తిరగబెట్టడానికి ముఖ్య కారణం. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఇచ్చే చేపమందు కోసం ఏటా దూరప్రాంతాల నుంచి వేలమంది వస్తారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకంతో వెళ్లేవారైనా వాడుతున్న మందులు ఆపకూడదు. బీపీ మామూలుకొచ్చిందని మాత్రలు మానేయడం కూడా అలాంటి పొరపాటే. మామూలుకొచ్చింది మాత్రల వల్లే.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగర్ చూపించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్షలకు ఖర్చుండదు, ఊళ్లోని ఆశా కార్యకర్త దారి చూపుతుంది. పొగ తాగేవారు, కట్టెల పొయ్యి మీద ఏళ్ల తరబడి వండినవారు, దుమ్ములో పనిచేసేవారు దగ్గూ ఆయాసమూ ఉంటే స్పైరోమెట్రీ అడిగి చేయించుకోవాలి. వయసు మళ్లినవారు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు డాక్టరు సలహాతో ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకుంటే శ్వాస మీదా గుండె మీదా పడే దెబ్బ తగ్గుతుంది. పొగ మానడం, ఉప్పు తగ్గించడం, రోజూ నడవడం మనిషి చేతిలో ఉన్న పనులు. శుభ్రమైన పొయ్యి, దుమ్ము లేని పనిచోటు, నడవడానికి వీలైన కాలిబాట, పీల్చదగిన గాలి ప్రభుత్వాలూ యాజమాన్యాలూ కల్పించాల్సినవి. ఈ జబ్బులు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి, అడ్డుకోవడానికి కూడా అంత వ్యవధి ఉంటుంది. ఒంట్లో ఏ బాధా లేని ఆ ఏళ్లలో మొదలుపెట్టిన జాగ్రత్తే అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది.